50 వేలలో పియానో: విశాఖ ఎంవీపీ కాలనీ మూడో అంతస్తుకి పాత అప్‌రైటా, డిజిటలా?

తొమ్మిదేళ్ళ పాప, పియానో గ్రేడ్ పరీక్షలు రాయించాలి, చేతిలో 50 వేలు, 45 వేలకి ఒక పాత అప్‌రైట్ (తీగలు నిలువుగా ఉండే మామూలు చెక్క పియానో) కనబడింది, తీసుకోమంటారా అని అడిగారు. వద్దండి. ఆ డబ్బుతో 88 కీస్ ఉన్న వెయిటెడ్ (అంటే కీ నొక్కితే అసలు పియానోలా వేలికి బరువు తగిలే) డిజిటల్ పియానో కొనండి.

అప్‌రైట్ విషయంలో 45 వేలు కేవలం కొనే ధర. దాని బరువు రెండు క్వింటాళ్ళ పైమాటే. మామూలు లిఫ్టులో పట్టదు, నలుగురైదుగురు మెట్ల మీదుగా మోయాలి. గదికి అలవాటుపడడానికి రెండు మూడు వారాలు వదిలేసి అప్పుడు ట్యూనింగ్, ఆ తర్వాత ఏడాదికి కనీసం రెండుసార్లు. ఇంటికొచ్చి చేసే ట్యూనర్ ఎవరో తేలకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.

అసలు చిక్కు మన సముద్రపు గాలితో. లోపల 200కి పైగా తీగలు టన్నుల కొద్దీ బలంతో లాగుతుంటాయి. ఆ లాగుడును ఇనుప ఫ్రేము మోస్తుంది. తీగ చుట్టిన ట్యూనింగ్ పిన్నులు మాత్రం ఒక చెక్క దిమ్మలో బిగువు మీదే నిలబడతాయి. వానాకాలం తేమకి చెక్క ఉబ్బుతుంది, ఏసీ వేస్తే ఎండుతుంది. ఏళ్ళ తరబడి ఇలా జరిగితే పిన్ను పట్టు పోతుంది. ఇక ఉప్పు సంగతి, బీచ్‌కి దగ్గర్లో బాల్కనీ గ్రిల్లు ఎలా తుప్పు పడుతుందో చూస్తూనే ఉన్నారుగా, తీగలదీ అదే గతి.

అయినా మనసు లాగితే టార్చిలైటు పట్టుకుని వెళ్ళండి. పై మూత, కింది పలక తీయించండి. ఫోన్లో ట్యూనర్ యాప్ పెట్టి మధ్యలో ఉండే ఎ స్వరం నొక్కండి. 440 హెర్ట్జ్ రావాలి. 415 దగ్గర ఉంటే అర స్వరం దిగిపోయినట్టే. ఒక్కసారిగా పైకి లాగడం కుదరదు, రెండు మూడు విడతలు పడుతుంది, తుప్పు పట్టిన తీగలు ఆ లాగుడుకే తెగుతాయి. తర్వాత ఒక్కో కీ వరసగా నొక్కండి. ఎక్కువ కీస్‌కి మూడేసి తీగలుంటాయి. పక్కపక్క కీస్ బాగుండి ఒక చోట మాత్రమే ‘వావ్ వావ్’ అని ఊగితే అక్కడి పిన్నులు వదులై ఉండొచ్చు. పిన్నుల చుట్టూ అట్టముక్కలు దూర్చి ఉన్నా, తీగచుట్టలు చెక్కకి తగిలేంత లోతుకి కొట్టి ఉన్నా మాట్లాడకుండా వచ్చేయండి. రాగి చుట్టిన బేస్ తీగలు మోగకుండా ‘ధబ్’ మంటే అవి చచ్చినట్టే. తీగల్ని కొట్టే సుత్తుల ముందు పంజరంలా సన్నటి కడ్డీలు వరసగా ఉండి, డ్యాంపర్లు (తీగ మోతని ఆపే మెత్తలు) సుత్తులకి పైన ఉంటే అది పాతకాలపు రకం, ఎంత చవకైనా వద్దు. అడుగున చెదలమన్ను, ఎలుక పెంటికలు, చిమ్మటలు కొట్టిన ఫెల్టు కూడా చూడండి. కీస్ కొన్ని నెమ్మదిగా పైకి లేస్తున్నాయంటే మాత్రం బెంగపడక్కర్లేదు, చాలాసార్లు అది తేమ వల్లే, మెకానిక్ సరిచేస్తాడు.

డిజిటల్లో యమహా పి-145, క్యాసియో సిడిపి-ఎస్110 చూడండి. రోలాండ్ ఎఫ్‌పి-10 మీ బడ్జెట్ అంచుల్లోకి వస్తే అదే తీసుకోండి. దాని ప్రతి కీ కింద మూడు సెన్సర్లుంటాయి, కీ పూర్తిగా పైకి రాకముందే మళ్ళీ నొక్కినా పలుకుతుంది. ఈ మూడింటికీ స్పీకర్లు అంతంతమాత్రమే, సాధన హెడ్‌ఫోన్స్‌తో చేయించండి. వందల టోన్లు, రిథమ్‌లు అని ఊరించే 61 కీస్ కీబోర్డు మాత్రం వద్దు, వేళ్ళకి బరువు అలవాటు కాదు. (మనకి కీబోర్డంటే క్యాసియో, క్యాసియో అంటే పియానో!) గ్రేడ్ పరీక్షలు పెట్టే ట్రినిటీ కాలేజ్ లండన్‌లో పియానోకీ ఎలక్ట్రానిక్ కీబోర్డుకీ సిలబస్‌లు వేరు, ఏది రాయిస్తారో టీచర్ని అడిగాకే కొనండి.

సెకండ్‌హ్యాండ్ యమహా పి-45 దొరికితే మంచి బేరమే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని 88 కీస్‌నీ ఒకే మెత్తదనంతో నొక్కండి. ఏదో ఒకటి ఉన్నట్టుండి అరిస్తే రబ్బరు కాంటాక్టుల్లో దుమ్మో తుప్పో చేరిందని అర్థం. శుభ్రం చేస్తే చాలావరకు పోతుంది, ధర తగ్గించమనండి. అడాప్టర్ అసలుదే కావాలి. పి-45కి 12 వోల్టులు, క్యాసియో సిడిపి-ఎస్100కి 9.5. పిన్ను పట్టింది కదా అని ఏదో ఒకటి గుచ్చితే బోర్డు కాలిపోవచ్చు.

మొత్తం 50 వేలూ పియానోకే పెట్టేయకండి. డైనింగ్ టేబుల్ మీద పెడితే కీస్ మరీ ఎత్తవుతాయి, పాప భుజాలు బిగబట్టి వాయిస్తుంది. నేల నుంచి తెల్ల కీ పైభాగానికి 28, 29 అంగుళాలుండే స్టాండు, ఎత్తు మార్చుకునే బెంచీ కావాలి. ఎక్స్ ఆకారపు స్టాండు ఊగుతుంది, మోకాళ్ళకీ తగులుతుంది. డబ్బాతో వచ్చే చిన్న పెడల్ గచ్చు మీద జారిపోతుంటుంది, కింద రబ్బరు మ్యాట్ వేయండి. సముద్రం వైపు కిటికీ పక్కన పెట్టొద్దు. వాయించనప్పుడు గుడ్డ కప్పండి, తుఫాను హెచ్చరిక రాగానే ప్లగ్గు పీకేయండి.