టమాటా పాస్తాకి ఏ వైన్?

ప్రశ్న: ఇటలీలో, బొలోన్యాలో చదువుకుంటున్నాను. 100 గ్రాముల పిండికి ఒక గుడ్డు లెక్కన కలిపి ఇంట్లోనే తాల్యతెల్లె (రిబ్బన్‌లాంటి పాస్తా) చేశాను. టమాటా సాస్‌లో అలవాటు కొద్దీ రెండు చెంచాల గుంటూరు కారం కూడా వేశాను. ఖరీదైనదైతే బాగుంటుందని బరోలో అనే ఎర్ర వైన్ తెచ్చా, నోరంతా వగరు! తప్పు ఎక్కడ?

జవాబు: పాస్తాదీ కాదు, వైన్‌దీ కాదండీ, జోడీ కుదరలేదంతే. బరోలో వైన్‌ని నెబ్బియోలో అనే ద్రాక్షతో చేస్తారు, అందులో టానిన్ ఎక్కువ, జామ పిందె కొరికితే నాలుక పట్టేస్తుందే, ఆ వగరే ఇది. మాంసం, కొవ్వు ఉంటే మెత్తబడుతుంది గానీ ఉత్త టమాటా ముందు ఇంకా పైకి తేలుతుంది, పైగా మీ కారం దాన్నీ ఆల్కహాల్ మంటనీ కలిపి ఎగదోసింది. టమాటా పులుపుకి వైన్‌లోనూ పులుపుండాలి. బార్బెరా కొనండి, పులుపు ఎక్కువ, వగరు తక్కువ, బరోలో కంటే చవక కూడా. కియాంతీ అయినా పర్లేదు.

అసలు బొలోన్యాలో ఉండి లాంబ్రుస్కో తాగకపోవడమేంటి! ఆ వైన్ పుట్టిన మోదెనా పక్కనే. సన్నటి బుడగలతో ఎర్రగా ఉంటుంది, చల్లగా తాగాలి. మాంసంతో రగూ (కీమా సాస్) చేసినరోజు ఆ జిడ్డుని గుక్కగుక్కకీ కడిగేస్తుంది. తియ్యటి రకాలూ ఉంటాయి, సీసా మీద ‘సెక్కో’ (తీపి లేనిది) అని చూసి తీసుకోండి. పెస్టోకైతే (తులసి జాతి ఆకుల పచ్చ సాస్) లిగూరియా ప్రాంతపు తెల్ల వైన్ వెర్మెంతీనో, ఇంకేం ఆలోచించక్కర్లేదు.

మిగిలిన బరోలోని పారబోయకండి, బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెట్టి, రెండు మూడు రోజుల్లో మాంసం సన్నని మంట మీద ఉడికేటప్పుడు పోసేయండి. బరోలో పుట్టిన పీడ్‌మాంట్ ప్రాంతంలో అలాగే వండుతారు.