స్టెమ్ సెల్ ఇంజెక్షన్ల కోసం పొలం అమ్మవద్దు

ప్రశ్న: మా బాబుకు ఐదేళ్లు. నెలలు నిండకముందే పుట్టాడు. సెరిబ్రల్ పాల్సీ అని చెప్పారు. కాళ్లు రెండూ బిగుసుకుని ఉంటాయి, చేయి పట్టుకుంటే మునివేళ్ల మీద నాలుగడుగులు వేస్తాడు. మాట, తెలివి బాగానే ఉన్నాయి. నగరంలో ఒకచోట స్టెమ్ సెల్ (మూలకణాల) ఇంజెక్షన్లు చేయిస్తే నడుస్తాడని బంధువులు అంటున్నారు. అందుకు పొలం అమ్మాలి. వెళ్లమంటారా?
- ఒక తల్లి, కావలి దగ్గర, నెల్లూరు జిల్లా

జవాబు: వెళ్లవద్దమ్మా. ఆ ఇంజెక్షన్లతో ఇలాంటి పిల్లలు నడుస్తారని రుజువు కాలేదు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, కొన్ని రక్తసంబంధ వ్యాధులు వంటి ఆమోదం పొందినవాటికి తప్ప మిగిలిన జబ్బులకు స్టెమ్ సెల్స్ వాడకం పరిశోధన కిందికే వస్తుంది, పరిశోధనలో పాల్గొనేవారి దగ్గర డబ్బు వసూలు చేయకూడదు. లక్షలు అడుగుతున్నారంటే అదే మీకు హెచ్చరిక.

మెదడు ఎదిగే దశలో తగిలిన దెబ్బ వల్ల సెరిబ్రల్ పాల్సీ వస్తుంది. ఆ దెబ్బ పెరగదు, పూర్తిగా పోదు. అయితే ఎముకలు ఎదిగినంత వేగంగా బిగుసుకున్న కండరాలు సాగవు కనుక, ఎదిగే వయసంతా శ్రద్ధ అవసరం. పడుకోబెట్టి కాళ్లు సాగదీయడమే ఫిజియోథెరపీ అని చాలామంది అనుకుంటారు కానీ, బిడ్డ తనంతట తాను, తనకు ఇష్టమైన పని కోసం చేసే సాధనే ఎక్కువ ఫలితమిస్తుంది. చిన్న పీట మీద నుంచి లేవడం, గోడ పట్టుకుని పక్కకు నడవడం, గడప దాటడం, చొక్కా గుండీలు తానే పెట్టుకోవడం వంటివి ఇంట్లో రోజూ చేయించండి. ఆలస్యమవుతోందని మీరే ఎత్తుకుని దాటించేయకండి. మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రంలో ఫిజియోథెరపిస్టు ఏ రోజు వస్తారో కనుక్కోండి. మడమ నేలకు ఆనేలా కొలతలు తీసి చేసే స్ప్లింట్లు (కాలికి తొడిగే ఆధారాలు) ఈ బాబుకు ఉపయోగపడవచ్చు.

బిగుతు ఎక్కువగా ఉంటే పిక్కల్లోకి, కండరాన్ని వదులు చేసే బొటులినమ్ టాక్సిన్ ఇంజెక్షన్ ఇస్తారు. దాని ప్రభావం సుమారు మూడు నెలలే. ఆ మూడు నెలల్లో వ్యాయామాలు, స్ప్లింట్లు తోడు కాకపోతే పెట్టిన ఖర్చు దండగ. బిగుతు తగ్గించే బాక్లోఫెన్ మాత్రలు, స్నాయువులను పొడవు చేసే శస్త్రచికిత్స, ఎంపిక చేసిన కొద్దిమందికి వెన్నులోని కొన్ని నాడీ పోగులను కత్తిరించే ఆపరేషన్ కూడా ఉన్నాయి. ఆ నిర్ణయం పిల్లల నాడీవైద్యులు, ఎముకల వైద్యులు కలిసి చూసి చెప్పాలి.

మీరు అడగకపోయినా చెప్పవలసింది తుంటి సంగతి. బిగుసుకున్న తొడ కండరాలు లాగడం వల్ల తుంటి కీలు నెమ్మదిగా పక్కకు జరగవచ్చు, మొదట్లో నొప్పి ఉండదు కాబట్టి ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇంతవరకు తుంటి ఎక్స్‌రే తీయించకపోతే ఈ నెలలోనే తీయించి, మళ్లీ ఎన్నాళ్లకు తీయాలో వైద్యుణ్ణి అడగండి.

నెల్లూరులో దివ్యాంగుల కోసం కేంద్ర ప్రభుత్వ సంయుక్త ప్రాంతీయ కేంద్రం ఉంది, అక్కడ చూపించండి. దివ్యాంగ ధ్రువపత్రం తీసుకుంటే, కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమాకు దరఖాస్తు చేయవచ్చు. అందులో ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది, థెరపీ ఖర్చులకు కూడా పరిమితి మేరకు ఇస్తారు. బాబుకు తెలివి బాగుందని రాశారు కనుక, నడక వచ్చేదాకా ఆగకుండా ఈ ఏడాదే బడిలో చేర్చండి.