బోర్డులు రాయడానికి డిగ్రీ ఎందుకు?

ప్రశ్న: మాది బెంగళూరు, మారతహళ్ళి. మా అమ్మాయి సెకండ్ పీయూసీ (ఇంటర్ రెండో ఏడాది) చదువుతోంది. ఆసుపత్రుల్లో, మెట్రో స్టేషన్లలో సైన్ బోర్డులు డిజైన్ చేస్తానంటోంది. బోర్డులు రాయడానికి డిగ్రీ ఎందుకండీ? ఆర్కిటెక్చర్ డిగ్రీ బీఆర్క్‌లో చేర్పించాలా, డిజైన్ డిగ్రీ బీడిజైన్ చేసి యూఎక్స్ (యాప్‌లు, వెబ్‌సైట్లు వాడేవాళ్ళకు సులువుగా ఉండేలా డిజైన్ చేసే పని) వైపు వెళ్ళమనాలా?

జవాబు: మీరు అడిగింది కోర్సు గురించే అయినా, దిగులు మాత్రం నలుగురికీ ఏమని చెప్పాలన్నదే. దాన్ని అమ్మాయి నెత్తిన పెట్టకండి. ‘బోర్డులు రాయడం’ అని తీసిపారేయడం ఇంకా తప్పు.

ఆ పనేమిటో చూడండి. ముందు బిల్డింగ్ ప్లాన్ మీద, మనిషి ఆగి ‘ఇప్పుడెటు?’ అనుకునే చోట్లు గుర్తించాలి. ఒక్కోచోట ఏ బోర్డు, ఏ మాట, ఎంత సైజు అని షెడ్యూల్ రాయాలి. 25 మి.మీ. ఎత్తున్న ఇంగ్లిష్ పెద్దక్షరం సుమారు 7.5 మీటర్ల నుంచి హాయిగా చదవగలం. అంటే 20 మీటర్ల కారిడార్‌కు దాదాపు 70 మి.మీ. కావాలి. కన్నడకో తెలుగుకో ఈ లెక్క ఒక్కటే చాలదు. మన ఒత్తులు కిందికి దిగుతాయి. లైన్ల మధ్య ఖాళీ పెంచకపోతే పైలైను ఒత్తు కిందిలైను తలకట్టుకు తగులుతుంది. ముదురు రంగు మీద ఎల్‌ఈడీతో వెలిగే అక్షరం ఉన్నదానికంటే లావుగా కనిపిస్తుంది, అక్షరాల్లోని చిన్న సున్నాలు పూడుకుపోతాయి. కాబట్టి బోల్డ్ తగ్గించాలి. ఎదురుగా కిటికీ ఉంటే మెరిసే అక్రిలిక్ పనికిరాదు, మ్యాట్ ఫినిష్ వాడాలి. తయారీకి ఇచ్చేముందు అసలు సైజులో ప్రింటు తీసి, గోడకు అంటించి, దూరం నుంచి చదివి చూడాలి. ఈ పని తెలియనివాళ్ళు ఎగ్గొట్టేది సరిగ్గా ఈ మెట్టునే.

దుకాణాల బోర్డుల్లో 60 శాతం కన్నడ ఉండాలని కర్ణాటక 2024లో చట్టం సవరించింది. ఇంగ్లిష్ కింద కన్నడను ఇరికిస్తే ఇక కుదరదు. తెలుగు, కన్నడ రెండూ చదవగల అమ్మాయికి ఇది బలం.

యూఎక్స్ మీద నాకు అనుమానాలున్నాయి. మూడు నెలల కోర్సు చేసినవాళ్ళు వీధికొకరు. అందరి పోర్ట్‌ఫోలియోలోనూ అదే ఫుడ్ డెలివరీ యాప్. ప్యాకేజీ మాట విని ఇష్టంలేని పిల్లను అందులోకి తోస్తే, ఆ గుంపులో ఆమెను ఎవరు గుర్తుపడతారు?

సైనేజ్ (సైన్ బోర్డుల డిజైన్) మాత్రమే చేసే స్టూడియోలు తక్కువ, నిజమే. మొదట్లో ఆర్కిటెక్ట్ ఆఫీసులోనో బ్రాండింగ్ స్టూడియోలోనో పని మొదలుపెట్టాలి, జీతమూ సాఫ్ట్‌వేర్ అంత ఉండదు. అంతమాత్రాన అన్నానికి లోటు రాదు, కంగారుపడకండి. అక్షరమంటే ఇష్టమైతే నాలుగేళ్ళ బీడిజైన్‌లో కమ్యూనికేషన్ డిజైన్. కట్టడమంటే ఇష్టమైతే అయిదేళ్ళ బీఆర్క్. ఏది చదివినా ఈ పనికి దారి ఉంది.

ఈ సెలవుల్లో ఆమెను సైన్ బోర్డులు చేసే వర్క్‌షాప్‌కు తీసుకెళ్ళండి. ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్) షీటు కోయడం, అక్షరం వెనక ఎల్‌ఈడీలు అతికించడం దగ్గరుండి చూడనివ్వండి. అప్పటికీ ఇష్టం తగ్గకపోతే అప్లికేషన్ మీరే దగ్గరుండి నింపించండి.