అత్తమ్మ గారు శాకాహారి, పిల్లలకు మోమోలు కావాలి: కర్నూలులో ఎలా?

అక్కా, పిల్లలు మోమోలు, నూడుల్స్ కావాలంటున్నారు, గుడ్డు కూడా ముట్టని అత్తమ్మ గారిని వెంట తీసుకెళ్లడం ఎలా అని అడిగారు. తప్పకుండా తీసుకెళ్లండి, పెద్దావిడను ఒంటరిగా ఇంట్లో వదలొద్దు.

ముందు బండి దగ్గర ఒక నిమిషం నిలబడి చూడండి. స్టీమర్‌లో చికెన్ మోమోల గిన్నె పైన, వెజ్ గిన్నె కింద ఉంటే, ఆవిరి నీళ్లు కారి కింది వాటి మీదే పడతాయి. నూడుల్స్ బాణలీ అంతే. గుడ్డు వేసిన దాన్నే గరిటెతో గీకి, కాసిని నీళ్లు కొట్టి మళ్లీ పొయ్యి మీద పెట్టేస్తారు. అందుకే రాజ్‌విహార్ వైపు వెళ్లినా, సి క్యాంపు వైపు వెళ్లినా ప్యూర్ వెజ్ బోర్డు ఉన్న చోటే కూర్చోండి.

కేఫుల్లో కొరియన్, థాయ్ రకాలుంటే మెనూలో వెజ్ అని రాసి ఉన్నా అడగండి. కిమ్చీ అనే కొరియన్ పచ్చడిలో చాలాసార్లు చేపల సాస్, థాయ్ కర్రీ పేస్టులో రొయ్యల ముద్ద కలుపుతారు. మొహమాటపడకుండా సాస్ సీసా తెప్పించుకుని పచ్చ గుర్తు ఉందో లేదో చూడండి. ఏదీ నమ్మకంగా అనిపించకపోతే, శాకాహార బజ్జీలు మాత్రమే వేసే బండి దగ్గర అత్తమ్మ గారికి వేడి వేడి మిరపకాయ బజ్జీలు కట్టించండి.