తోడల్లుడు కారు కొన్నాడు, నేనూ కొనాలా?

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. నెల్లూరులో 9,000 అద్దె ఇంట్లో ఉంటాం. ముత్తుకూరు వైపు ఒక కంపెనీలో సూపర్‌వైజర్‌ని, చేతికి 52,000 వస్తుంది. పాప ఏడో తరగతి, బాబు మూడు. పీఎఫ్‌లో 6,80,000, బ్యాంకు డిపాజిట్ 2,20,000 ఉన్నాయి. 50 నెలల 5 లక్షల చీటీలో 22 నెలలు కట్టాను. పర్సనల్ లోను ఇంకా 1,60,000 ఉంది, ఈఎంఐ 6,200. ఇంటి ఖర్చు 22,000. మా తోడల్లుడికి విడవలూరు దగ్గర రొయ్యల గుంటలున్నాయి. రెండేళ్లలో మేడ కట్టాడు, కారు కొన్నాడు. అత్తగారింటికి వెళ్తే తలెత్తుకోలేకపోతున్నా. పీఎఫ్‌లో 3 లక్షలు తీసి, లోను పెట్టి 11 లక్షల కారు కొందామని ఉంది. చీటీ పాడి, డిపాజిట్ తీసి, రెండు రూపాయల వడ్డీకి 6 లక్షలు తెచ్చి 12 లక్షల ప్లాటు కూడా తీసుకుందామనుకుంటున్నా. పోయిన రొట్టెల పండక్కి మా ఆవిడ సొంతిల్లు కావాలని మొక్కుకుని ఇంటి రొట్టె పట్టుకుంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ ఆలోచనను నెలవారీ లెక్కలోకి దించి చూద్దాం. పీఎఫ్‌లో తీసే 3 లక్షల్లో లక్ష రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సులకు పోతుందనుకుందాం. కారుకు 2 లక్షలు ముందు కట్టి, 9 లక్షలు ఏడేళ్లకు 9.5 శాతానికి తీసుకుంటే ఈఎంఐ సుమారు 14,710. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. 6 లక్షలకు నెలనెలా 12,000 వడ్డీ పోతుంది, అసలు మాత్రం కదలదు. చీటీ పాడుకున్నా వాయిదాలు ఆగవు, 10,000 దాకా కడుతూనే ఉండాలి. పాత లోను 6,200, అద్దె 9,000. అన్నీ కలిపితే 51,910. జీతంలో మిగిలేది 90 రూపాయలు. బియ్యం, పాలు, స్కూలు ఫీజు ఇంకా లెక్కలోకి రానే లేదు.

అందుకే రెండూ ఇప్పుడు వద్దు. ఇంత తేలిగ్గా తేలిపోయే లెక్కను కూడా మీరు పక్కన పెట్టగలిగారంటే, అత్తగారింటి ముందు ఆగిన ఆ కారు మీ మనసు మీద ఎంత బరువుగా ఉందో అర్థమవుతోంది. దాన్ని చిన్న విషయంగా తీసేయను.

ఇలాంటప్పుడు ‘ఆయనకు ఎన్ని అప్పులున్నాయో ఎవరికి తెలుసు’ అని చుట్టూ ఉన్నవాళ్లు ఓదారుస్తారు. ఆ మాట పట్టుకోకండి. అదీ పోలికే. ఆయనకు పంట బాగా వచ్చిన ఏడాది మీకు మళ్లీ నిద్ర పట్టదు.

ఆయన డబ్బు నడిచే తీరు చూడండి. వెనామీ రకం రొయ్యల పంట మూడున్నర, నాలుగు నెలలది. సీడు (రొయ్య పిల్లలు), మేత, నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్ల కరెంటు అన్నీ ముందే పెట్టాలి. అన్నిట్లోకి పెద్ద ఖర్చు మేతదే. వైట్‌స్పాట్ తెగులు తగిలితే మధ్యలోనే పట్టేయాలి. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పెరిగినప్పుడు కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలనే లెక్క) ధరలు ఎలా పడ్డాయో మీ వైపు చూసే ఉంటారు. కలిసొస్తే మాత్రం డబ్బు ఒక్కసారిగా చేతికొస్తుంది. రాత్రిపూట గుంటల దగ్గరికి తిరిగే మనిషి ఆ డబ్బుతో కారు కొనుక్కోవడంలో వింతేమీ లేదు. మీకు ప్రతి నెలా ఇంతని వస్తుంది, తప్పకుండా వస్తుంది. ఆయన ఒక పంటతో కొన్నదాన్ని మీరు 84 జీతాలతో కొనాలి.

మీకున్నది ఎవరి కంటా పడదు. పీఎఫ్‌లోని 6,80,000కి ఇంకో రూపాయి కలవకపోయినా, 8.25 శాతం వడ్డీ ఇలాగే సాగితే 58 ఏళ్లకు 30 లక్షలు దాటుతుంది. ఇప్పుడు 3 లక్షలు తీస్తే అప్పుడు తగ్గేది పదమూడున్నర లక్షలు. దాన్ని ముట్టుకోకండి.

ఇక చేయాల్సింది. ఒక నోటుబుక్కు తీసి ఎడమవైపు ఉన్నవి, కుడివైపు బాకీలు రాయండి. చీటీకి మీరు చేతినుంచి కట్టింది 1,85,000 అనుకుంటే, లోను పోను మీ నికరం 9,25,000. ఉగాదికి ఒకసారి, దసరాకి ఒకసారి ఇదే పేజీ మళ్లీ రాసి, పోయినసారి అంకెతోనే పోల్చుకోండి. చాలామంది ఇక్కడ తప్పు చేస్తారు: బంగారాన్ని ఆ రోజు ధరకు, స్థలాన్ని ఊళ్లో చెప్పుకునే ధరకు వేస్తారు. రూపాయి పొదుపు చేయకపోయినా అంకె పెరిగి కనిపిస్తుంది. బంగారం గ్రాముల్లో, స్థలం కొన్న ధరకు రాయండి.

డిపాజిట్‌లో 80,000 తీసి లోనుకు కట్టండి. ముందే కడితే చార్జీ ఎంతో బ్యాంకులో అడగండి, ‘ఈఎంఐ అలాగే ఉంచి కాలం తగ్గించండి’ అని రాసివ్వండి. వడ్డీ 14 శాతమైతే 31 నెలల లోను 14 నెలల్లో తీరుతుంది. మిగిలే 1,40,000 మీ మూడు నెలల ఖర్చు, అది కదలకూడదు.

చీటీ ఇప్పుడు పాడకండి. పాట 25 శాతానికి పోతే 1,25,000 వదులుకుని 3,75,000 తెచ్చుకుంటారు, పైగా జామీనుదార్లను వెతుక్కోవాలి. చివరిదాకా ఆగితే కమిషను పోను దాదాపు మొత్తం వస్తుంది. అప్పటికి పాప ఇంటర్ దగ్గరపడుతుంది. పాస్‌బుక్కు మీద ‘పాప ఇంటర్’ అని రాసి పెట్టుకోండి. చీటీ రిజిస్టర్ అయిందో లేదో కూడా ఈ వారమే చూసుకోండి.

మీకేమైనా అయితే ఇంటివాళ్లకు డబ్బు అందించే టర్మ్ ఇన్సూరెన్స్ మాటే మీ ఉత్తరంలో లేదు. కారుకంటే ఇది ముందు. ఏడాది జీతానికి 12 నుంచి 15 రెట్లు, అంటే 75 లక్షల పైన తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి దీని ప్రీమియం మీద జీఎస్టీ లేదు. బీపీ, సిగరెట్ లాంటివి దాచకండి, క్లెయిము అక్కడే ఆగిపోతుంది.

పెళ్లి, గృహప్రవేశం, సంక్రాంతి, ఇలా చుట్టాలు కలిసి వచ్చిన ఏ సందర్భం తర్వాతైనా 30 రోజులు దేనికీ అడ్వాన్సు ఇవ్వకండి. ఆ కోరిక ఆ రోజుల్లోనే ముదురుతుంది. నెల తర్వాత కూడా కారు కావాలనిపిస్తే, ఆరు నెలలు 14,710 చొప్పున ఆర్డీ (బ్యాంకులో నెలనెలా కట్టే డిపాజిట్) కట్టి చూడండి. ప్రస్తుతం మీకు మిగిలేది 4,800. రెండో నెలకే సంగతి తెలిసిపోతుంది.

మీ ఆవిడ కోరుకున్నది ఇల్లు. రెండు రూపాయల వడ్డీతో ప్లాటు కొంటే కట్టడానికి చేతిలో ఏమీ ఉండదు, కోరిక తీరి ఆ రొట్టె వదలడం ఇంకా దూరమవుతుంది. 14 నెలల తర్వాత లోను తీరి 6,200 మిగులుతుంది. మీ 4,800 కలిపితే 11,000. ఆ నెల నుంచే ‘ఇల్లు’ పేరుతో ఆర్డీ మొదలుపెట్టండి. చీటీ అయిపోయాక ఆ 10,000 కూడా అందులోకే వెళ్లాలి. ఆ రోజు ప్లాటు చూసేటప్పుడు నుడా (నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ) ఆమోదం, స్థలం మీద తాకట్లు, లావాదేవీలు చూపించే ఈసీ చూడండి. విస్తీర్ణం గజాల్లో రాయించుకోండి: అంకణం అనే కొలత కొన్నిచోట్ల 36 చదరపు అడుగులు, కొన్నిచోట్ల 72.