ఆరు అటెంప్ట్‌లూ అయిపోయాక

సివిల్స్‌లో ఆరు అటెంప్ట్‌లూ అయిపోయాయి, రెండుసార్లు ఇంటర్వ్యూ దాకా వెళ్ళి ఆగిపోయాను, 32 ఏళ్ళకి ఏం సాధించానని చెప్పుకోను అని మీరన్నారు. ఏటా సుమారు 10 లక్షల దరఖాస్తులు, ఉద్యోగాలేమో సుమారు వెయ్యి. ఆ చివర్లో కొద్ది మార్కుల తేడా మీ విలువని తేల్చేస్తుందా? (బంధువుల లెక్క వేరు లెండి, వాళ్ళకి ర్యాంకే కావాలి.)

కలెక్టర్ అయ్యుంటే రోజూ ఏ పని చేద్దామనుకున్నారు? బడులా, చెరువులా, భూమి తగాదాలా? హోదా తీసేసినా ఆ పని మీద ఇష్టం ఉంటే, మొదలుపెట్టడానికి పోస్టింగ్ అక్కర్లేదు. సమాచార హక్కు చట్టం 2005లోనే వచ్చింది. అయినా పట్టాదారు పాస్‌బుక్ ఆగిపోతే ఆ చట్టం కింద దరఖాస్తు రాసుకోలేని రైతులు ఎందరో. పాలిటీ (రాజ్యాంగం, పాలన) అంత చదివిన మీకు అది అరగంట పని. హోదా తీసేస్తే ఆ ఇష్టం ఏమీ మిగలకపోయినా తప్పేం లేదు, మంచి జీతమున్న ఉద్యోగం వెతుక్కోండి.

ఎలాగూ ముందు జీతం రావాలి, సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది. ఇంటర్వ్యూ దాకా వెళ్ళి సెలెక్ట్ కాని వాళ్ళ వివరాలని, వాళ్ళు ఒప్పుకుంటే, సివిల్స్ పరీక్ష పెట్టే యూపీఎస్సీ ప్రతిభా సేతు పోర్టల్‌ ద్వారా సంస్థలకు ఇస్తోంది. మీవి అందులో ఉన్నాయో లేదో ఈ వారమే కనుక్కోండి.