ఉద్యోగం మానేసి మావయ్యగారిని చూసుకుంటున్న లావణ్యకు

చి॥ల॥సౌ॥ లావణ్యకు పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

మెడికెయిడ్ (అమెరికాలో తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) ఉండాలంటే ఇక నెలకు 80 గంటల పని చూపించాలట, పక్షవాతం వచ్చిన మనిషిని వదిలి ఎక్కడికి పోను అని నువ్వు టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ చెప్పింది. ఆ నిబంధన తెచ్చిన, 2025 జులై 4న సంతకమైన చట్టంలోనే, వైకల్యం ఉన్నవాళ్లను ఇంట్లో చూసుకునేవాళ్లకూ, 13 ఏళ్లు దాటని పిల్లల తల్లిదండ్రులకూ మినహాయింపు ఉంది. మీవాడికి పదిహేను నిండాయి కాబట్టి నీకు మొదటిదే గతి.

అక్కడే ఉంది చిక్కు. చట్టం ‘వృద్ధులు’ అనలేదు. వయసు మీద పడిందంటే సరిపోదు. మన ఇళ్లలో డాక్టరు ‘ఎలా ఉన్నారు’ అనగానే పెద్దాయన నిటారుగా కూర్చుని ‘ఫస్ట్‌క్లాస్’ అంటారు. ఆయన పరువు పోతుందని మనం పక్కన నోరు మెదపం. డాక్టరు అదే కంప్యూటర్లో ఎక్కిస్తారు. రేపు నీకు ఆధారం ఆ రాతే కదా! ఈసారి వెళ్లేముందే పేషెంట్ పోర్టల్‌లో (డాక్టరుకు మెసేజీ పెట్టే వెబ్‌సైట్‌లో) రాసి పంపు: స్నానం ఎవరు చేయిస్తున్నారు, బట్టలు ఎవరు తొడుగుతున్నారు, రాత్రిళ్లు బాత్రూంకి ఎవరు నడిపిస్తున్నారు. ఆయన సొంతంగా చేసుకోలేని పనులూ, సాయం చేసే మనిషిగా నీ పేరూ ఉన్న ఉత్తరం అడిగి తీసుకో.

అర్హత ఉంది కదా, వాళ్లే చూసుకుంటారులే అనుకోకు. 2018లో ఆర్కన్సాలో ఇలాంటి నిబంధన పెడితే కొన్ని నెలల్లోనే 18 వేల మందికి పైగా కవరేజీ పోయింది. నిబంధన వర్తించినవాళ్లలో ఎక్కువమంది పనిచేస్తున్నవాళ్లో, మినహాయింపు ఉన్నవాళ్లో. పోయింది కాగితాల దగ్గర.

న్యూజెర్సీలో 2027 జనవరి 1 కల్లా ఇది మొదలవ్వాలి. అప్పటినుంచి మీలాంటివాళ్లకు రెన్యువల్ ఆర్నెల్లకోసారి. నువ్వు చూపించిన ఆధారాల్లో లోటుందని నోటీసు వస్తే జవాబుకు 30 రోజులే గడువు. ఇల్లు మారాక అడ్రస్ మార్పించావా? ముందు ఆ పని చూడు. కౌంటీ ఆఫీసుకు ఏది ఇచ్చినా కాపీ ఉంచుకో, అందినట్టు రసీదు అడుగు. సిగ్గుపడకు, అది నీ హక్కు. ఈ కారణంతో మెడికెయిడ్ పోతే మార్కెట్‌ప్లేస్‌లో, అంటే సొంతంగా బీమా కొనుక్కునే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో, సబ్సిడీ కూడా రాదు. మొత్తం ప్రీమియం మీరే కట్టుకోవాలి. అందుకే ఇంతగా పోరుతున్నాను.

ఇంకొకటి. మీ మావయ్యగారికి మెడికెయిడ్ ఉండి, పర్సనల్ కేర్ సేవకు (స్నానం, బట్టలు లాంటి పనుల్లో సాయానికి) అర్హత ఉంటే, ‘పర్సనల్ ప్రిఫరెన్స్ ప్రోగ్రామ్’ కింద నిన్నే జీతానికి పెట్టుకోవచ్చు. కోడలికి జీతమా అని చుట్టాలు మూతి తిప్పుతారు. తిప్పుకోనీ. కాకపోతే ఆ డబ్బు మీ ఇంటి ఆదాయానికి కలిసి పరిమితి దాటుతుందేమో ఆఫీసులో ముందే అడిగి సంతకం పెట్టు.

డాక్టరు ఉత్తరం రాగానే వాట్సాప్‌లో పంపు. ఏమైనా వదిలేశారేమో చూస్తాను.

మీ పెద్దమ్మ